నా ఇంటిని గని వరద కాలువగా నమోదు చేయుట గురించి

బొగ్గుగని భద్రతాధికారి గారి సముఖమునకు,
బోస్నియా దేశం, వ్రెలోబార గ్రామ వాస్తవ్యుడు మెవ్లుదిన్ బెక్రిచ్ వ్రాసుకొను విన్నపము.

అయ్యా,

విషయం: గని కాలువల పటము నుండి నా నివాసమును తొలగించుట.

1. గత వేసవిలో తమ ఇంజనీరు జ్లాతాన్ గారు గనికి వరద ముప్పు అంచనా వేయుటకై మా కొండవాలుకు విచ్చేసినారు. కాఫీ ఇచ్చితిమి. "తాతా, వాన ముదిరితే పైనుంచి నీళ్లెటు పోతాయి?" అని అడిగారు. "ఎటు పోతాయి నాయనా, మా ఇంట్లోకే!" అన్నాను, మొర పెట్టుకుంటున్నాననుకొని. ఆయన మొహం వికసించినది. "సహజ కాలువ కలదు, కొత్తది అనవసరం" అని వ్రాసుకొని, రెండో కప్పు కూడా త్రాగి వెళ్లినారు.

2. అది మొదలు నా ఇల్లు కాలువ. మబ్బు పట్టగానే గని కాపలాదారు ఎమిన్ వచ్చి, వీధి తలుపు, పెరటి తలుపు బార్లా తీయిస్తున్నాడు. "చలేస్తోందిరా" అంటే, "కాలువకి తలుపులేంటి మామా, కేసు పెడతారు" అంటున్నాడు. మా బీరువా ప్రవాహమునకు అడ్డమని దానికే నోటీసు అంటించినారు.

3. ఈ వసంతంలో కుండపోత కురిసినది. నా భార్య రసీమా జ్వరంతో పడుకొని ఉండగా, నీరు వీధి తలుపున ప్రవేశించి ఆమెను మంచంతో సహా వంటింట్లోకి చేర్చినది. పెరట్లోకి కొట్టుకుపోకుండా నేను మంచం కోడు పట్టుకొని వ్రేలాడితిని. అయ్యా, ఆమె చేయి అంత చల్లగా ఎన్నడూ లేదు. నేను ఏడ్చాను. ఎమినే నడుములోతు నీళ్లలో దిగి, ఆమెను భుజాన వేసుకొని గట్టెక్కించాడు. ఆ తర్వాత, "కాలువకి అడ్డంగా నిలబడ్డానని ఆఫీసులో చెప్పకు మామా" అని బతిమాలాడు. చెప్పనన్నాను. ఇప్పుడు చెప్పితిని, అతనిని మన్నించవలెను.

గనిలో చుక్క నీరు చేరలేదు. కాలువను చక్కగా నిర్వహించినందుకు నాకు ప్రశంసాపత్రం వచ్చినది.

4. రసీమా కోలుకొని చెల్లెలి ఇంటికి వెళ్లిపోయినది. "నేను మనిషిని చేసుకున్నాను, కాలువని కాదు" అన్నది. దీనికి తగిన జవాబు తమ వద్ద ఉన్నచో తెలుపగలరు.

కావున కొండవాలు పక్కన నిజమైన కాలువ తవ్వించి, నన్ను మరల ఇల్లు గలవానిగా ప్రకటింప కోరుచున్నాను. తమ బూట్లు తడవని ఏదో ఒకనాడు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మెవ్లుదిన్ బెక్రిచ్

తా.క.: ఇది పోస్టు చేయకముందే రసీమా తిరిగి వచ్చినది, బండెడు ఇటుకలతో. ఇద్దరం కలిసి వీధి తలుపు, పెరటి తలుపు రెండింటినీ గోడగా కట్టేశాం. కిటికీలోంచి తిరుగుతున్నాం. నిన్నటి వాన మా గోడ దాకా వచ్చి, కాసేపు ఆలోచించి, తమ కార్యాలయం వైపు మళ్లింది. తమరు బల్ల మీద నిలబడి ఉన్నారని ఎమిన్ చెప్పాడు. ఏం చేద్దామని రసీమాని అడిగాను.

"అర్జీ పెట్టుకోమను" అంది.