మామ్మ గడ్డం మీద మూడు చుక్కలు

సీతారాండేరా,
జంషెడ్‌పూర్.

అన్నయ్యకు నీ చెల్లెలు పద్మ దండాలు. నీ ఒంట్లో ఎలా ఉంది? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వదిన, పాప బాగున్నారా? మేమిద్దరం బాగానే ఉన్నాం, బెంగ పెట్టుకోకండి. మీ బావకి కాంట్రాక్టు పని మళ్లీ దొరికింది.

చలి మాత్రం ఎముకలు కొరికేస్తోంది. టెక్కలిలో దుప్పటి కూడా కప్పుకోనిదాన్ని, ఇక్కడ స్వెట్టర్ వేసుకుని వంట చేస్తున్నాను. రొట్టెలు చేయడం వచ్చింది గానీ గుండ్రంగా మాత్రం రావు. గల్లీ అంతా హిందీయే, తెలుగు మాట కోసం మొహం వాచిపోయేదాన్ని. ఫోటో స్టూడియోలో పని దొరికాక కాస్త నయం. పెళ్లి ఫోటోల్లో ముఖాలు నున్నగా దిద్ది ఆల్బం తయారుచేయడం నా పని.

నువ్వు అడిగావు కదా, పెళ్లిళ్లకి ఫోటోలు తీసే పని మొదలుపెట్టడానికి ఆటో వచ్చేంత ధర పెట్టి పెద్ద కెమెరా కొనాలా, మంచి ఫోన్ చాలదా అని. వద్దనే రాద్దామనుకున్నాను. మా ఓనర్ అలాంటి కెమెరాని చంటిపిల్లలా మోస్తుంటే నవ్వుకునేదాన్ని కూడా. ఇప్పుడు నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పర్సుడీహ్‌లో గవరయ్య తాత అని ఉన్నారు. రైల్వేలో చేసి రిటైరయ్యారు, మన వైపు వాళ్లే. వాళ్ల మనవడి పెళ్లికి ఫోటోలు మేమే తీశాం. తర్వాత నెల తిరక్కుండానే తాత భార్య, ఆ మామ్మ, పోయింది. మొన్న తాత, మనవడు ఆల్బం పట్టుకుని వచ్చారు. పెళ్లిలో మామ్మ నవ్వుతున్న ఫోటో ఒకటుంది, గోడకి పెట్టుకోవడానికి దాన్ని పెద్దది చేయమన్నారు. కంప్యూటర్ మీద తెరిచి చూపించాను.

తాత చాలాసేపు చూసి, "ఇదెవులమ్మా?" అన్నారు.

"దాదీ హీ తో హై, దాదా," మామ్మే కదా అన్నాడు మనవడు.

"మరైతే గెడ్డం మీద పచ్చబొట్టేదిరా? మూడు సుక్కలుండాల. ఏటి సేసినావమ్మా మా ముసిల్దాన్ని?"

మచ్చలనుకుని నేనే తుడిచేశాను అన్నయ్యా! పచ్చబొట్లు చూస్తూ పెరిగినదాన్ని, చేతి అలవాటులో తుడిచి పారేశాను. ఆల్బం ఇచ్చేశాక దిద్దినవి మాత్రమే ఉంచుకుని అసలు ఫోటోలు కంప్యూటర్‌లోంచి తీసేస్తాం. మనవడి ఫోన్‌లో మామ్మ ఫోటో ఒకటుంది గానీ, ఆ ఫోన్ కూడా తనంతట తనే మామ్మ మొహాన్ని నున్నగా చేసేసింది, పెద్దది చేస్తే పిండిముద్దే. తాత కుర్చీలో కూలబడి, "పోన్లే, సుక్కల్లేకుండానే గోడకి ఎట్టేత్తాను," అన్నారు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

అప్పుడే ఓనర్ వచ్చి, సంగతి విని, కెమెరాకే ఒక పక్కనున్న చిన్న మూత తీశారు. అందులో ఫోటోలు దాచే కార్డులు రెండున్నాయి! తీసిన ప్రతి ఫోటో ఒకేసారి రెండింట్లోనూ పడుతుందట. మొదటిది పెళ్లి పెళ్లికీ ఖాళీ చేస్తాం. రెండోది నిండేదాకా ఆయన ముట్టుకోరట. పక్కనే పనిచేస్తూ ఇన్నాళ్లూ నాకు తెలియదు చూడు!

ఆ రెండో కార్డు కంప్యూటర్‌లో పెట్టగానే తెర మీదికి మామ్మ వచ్చింది. పెద్దది చేసేకొద్దీ మనిషి ఇంకా దగ్గరికి వస్తోంది. కనుబొమలో ఒకే ఒక్క తెల్ల వెంట్రుక, ముక్కుపుడక పక్కన చిన్న నొక్కు, గడ్డం మీద మూడు పచ్చ చుక్కలు. మధ్య చుక్క కాస్త పక్కకి జరిగి ఉంది.

తాత లేచొచ్చి ఆ చుక్క మీద వేలు పెట్టారు. "సూది గుచ్చినపుడు ఏడ్సి తల తిప్పేసిందట. అందికే ఒంకర. పెళ్లయిన కొత్తలో ఇది సూసి నవ్వేవోణ్ణి." మనవడి వైపు తిరిగి, "ఇదిరా మీ మామ్మ," అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

నేను చూసి కూడా చూడనిదాన్ని ఆ యంత్రం ఎంత పొందిగ్గా దాచిపెట్టింది! పాప ఆటలు తీయడానికి ఫోన్ చాలు. పరాయివాళ్ల ఇంటి పెళ్లికి వెళ్లేవాడివి కాబట్టి, కెమెరా కొను. రెండు కార్డులు పట్టేదే కొను.

మన వైపు నుంచి ఎవరైనా వస్తుంటే ఉప్పుచేపలు పంపించు, మీ బావ అడుగుతున్నారు. పెద్దలందరికీ నా నమస్కారాలు చెప్పు, పాపకి ముద్దులు. మమ్మల్ని దీవించమని అమ్మకి చెప్పు.

ఇంకొకటి. అమ్మ ఎడమచేతి మీద పచ్చబొట్టు తేలా, పువ్వా? ఇన్నేళ్లూ ఆ చెయ్యి పట్టుకునే తిరిగాను, మొన్నటి నుంచి ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. కెమెరా ఇంటికి వచ్చిన రోజు మొదటి ఫోటో అమ్మది తియ్యి. ఏమీ తుడవకుండా పంపు.

నీ చెల్లెలు,
పద్మ