సునామీ శిబిరంలో మీ మనవరాలు

అత్తయ్యా,

మీరు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం మీరు చదవరని తెలిసినా, మీ మనవరాలి సంగతి మీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

సునామీకి ఇళ్లు పోయిన మత్స్యకారులను బందరు దగ్గర ఒక బడిలో ఉంచారు. సైకాలజీ చదువుతున్న మన అరుణ అక్కడికి సాయానికి వెళ్తోంది. నిన్న నేనూ తోడు వెళ్లాను. కొడుకును సముద్రంలో పోగొట్టుకున్న పోలమ్మ ఎవరితోనూ మాట్లాడడం లేదట. వచ్చినవాళ్లంతా ఏం జరిగిందని అడిగేవాళ్లే. అరుణ మాత్రం రోజూ పక్కన కూర్చుని, "తిన్నావా పిన్నీ?" అని, ఆమెతో కలిసి తినేదట.

నిన్న అన్నం ముందు పోలమ్మే నోరు విప్పింది.

"మావోడికి చేపల పులుసంటే పేణం పాపా," అంటూ చాలాసేపు ఏడ్చింది. అరుణ ఆమె చేయి వదల్లేదు.

తిరిగి పటమటలో మన ఇంటికి వస్తుంటే బస్సులో, "ఇది కాలేజీలో నేర్పారా?" అని అడిగాను.

"కాదమ్మా. తాము బర్మా నుంచి కాందిశీకులుగా వచ్చినప్పుడు అందరూ యుద్ధం గురించే అడిగారని, తిన్నావా అని ఒక్కరూ అడగలేదని నాయనమ్మ చెప్పేది," అంది.

ఇన్నేళ్లలో ఆ సంగతి మీరు నాతో అనలేదు. చెప్పవలసిన మనిషికే చెప్పారు. మీ ఇద్దరినీ తలుచుకుంటే గర్వంగా ఉంది అత్తయ్యా.

మీ కోడలు,
సరోజిని