నీ రాతను తిప్పి చెప్పిన సారు

ఆదివారం, కోరుట్ల

చిట్టీ, ఈ రోజు జగిత్యాలలో నీ పీహెచ్‌డీ గైడు సారు నీ సంతాప సభ పెట్టాడు. నీ ఫోటోకు దండ వేసి, కమ్యూనిస్టు పాలన పోయిన దేశాల మీద నువ్వు చేసిన పరిశోధన గురించి మైకులో చెప్పాడు. ఓట్లు వచ్చాకే అక్కడి ప్రభుత్వాలు బలహీనపడ్డాయని, జనానికి ముందుగా కావాల్సింది భయపెట్టి ఏలేవాడేనని నువ్వు తేల్చావట!

నా ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను.

"సారూ, నా బిడ్డ గట్ల రాయలే. అడిగెటోళ్ల నోరు మూసిన కాడనే సర్కారు ఆఫీసులు పాడైనయని రాసింది."

ఆయన నవ్వాడు. "అమ్మా, గిది పెద్ద సదువు. మీకు సమజ్ కాదు."

"ఎందుకు కాదు? నేను బీడీలు చుడుతుంటె పక్కన కూసోని ప్రతి పేజీ సదివి ఇనిపిచ్చింది. నాకు సమజ్ కాకుంటె మల్ల రాసేది."

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. సారు వెంటనే "టైమైంది, అందరు భోజనానికి రాండ్రి" అన్నాడు. ఆ అన్నం నేను ముట్టలేదు. బస్సెక్కి వచ్చేశాను.

నువ్వు బతికున్నప్పుడు నీ కాగితాలు నెలల తరబడి చూడనివాడు, పోయాక నీ పేరు మీద తన మాట చెప్పుకుంటాడా? చెప్పుకోనివ్వను. నువ్వు రాసిందంతా జిరాక్సు తీయించి నీ దోస్తులందరికీ పంచుతాను. వాళ్లే చదివి అడుగుతారు.

రేపు నీ మూడో మాసికం. నీకు ఇష్టమని సర్వపిండి చేస్తున్నాను. అమ్మ కోపంతో చేసిందని వదిలేయకు బిడ్డా. కడుపునిండా తిను.