రాములమ్మ గొంతుకు నలభై ఎనిమిది వరుసలు

ఎల్బీ నగర్, సకల జనుల సమ్మె రోజులు

విశ్వేశ్వరరావు సార్‌కు అంతయ్య నమస్కరించి రాయునది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మీ షాపులో కొన్న కంప్యూటర్ బాగానే ఉంది. ఆర్టీసీ సమ్మెలో ఉన్నాం కాబట్టి స్టీరింగ్ వదిలి దీని ముందు కూర్చుంటున్నాను. నా భార్య రాములమ్మ గొంతు రికార్డు చేయాలని అడిగితే మీరేదో ప్రోగ్రాం పెట్టి ఇచ్చారు. తెరవగానే తెర నిండా మీటలే. నా బస్సుకు కూడా అన్ని లేవు. దేని తర్వాత ఏది నొక్కాలో రాసి పంపండి. ఫోనులో మీరు చెప్పే ఇంగ్లీషు పేర్లు నాకు గుర్తుండటం లేదు.

సమ్మెలో ఖాళీగా ఉన్న
అంతయ్య

తా.క.: దేన్నో నొక్కితే టిక్కు టిక్కుమని ఆగకుండా కొడుతోంది. రాములమ్మ గోడ గడియారాన్ని దించి దుప్పట్లో చుట్టింది.

దిల్‌సుఖ్‌నగర్

అంతయ్య గారికి నమస్కారాలు.

ఆ టిక్కు తాళమండీ, పాట గాడి తప్పకుండా ఉండటానికి. మీరు చెప్పకపోయినా ఉద్యమ పాటని నాకు అర్థమైంది. మాది భీమవరమైతే మాత్రం, పాటకు ఊరేమిటి? అందుకే స్టూడియో వాళ్లు వాడేదే పెట్టాను. దాంట్లో నలభై ఎనిమిది వరుసలుంటాయి. ఒకదాంట్లో అమ్మగారి గొంతు, ఒకదాంట్లో డప్పు, మిగతావాటిలో కోరస్. ముందు ఇన్‌పుట్ ఎంచుకుని, ట్రాక్‌ని ఆర్మ్ చేసి, బఫర్ తగ్గించి, అప్పుడు రికార్డు నొక్కండి.

మీ పాట కోసం ఎదురుచూసే
విశ్వేశ్వరరావు

తా.క.: చుట్టుపక్కల గోల పడితే 'నాయిస్ రిమూవల్' నొక్కండి. అక్కర్లేనిదంతా అదే తీసేస్తుంది.

ఎల్బీ నగర్

విశ్వేశ్వరరావు సార్‌కు నమస్తే.

మీరు రాసినట్టే చేశాను. ఏదైనా మాట్లాడమంటే రాములమ్మ, "ఏం మాట్లాడాలె? కుక్కర్ పెట్టిన, ఆగు," అంది. తర్వాత చాలాసేపు మాట్లాడింది. గోల తీసేసే మీట నొక్కాను. ఆమె గొంతు పోయింది, కుక్కర్ విజిల్ మిగిలింది. "నేను అక్కర్లేదని గా డబ్బకు గూడ చెప్పినవా?" అని అలిగింది.

సార్, నాకు డప్పు వద్దు, కోరస్ వద్దు. రాములమ్మకు పాటే రాదు. వచ్చే వారం ఆమె గొంతులో గడ్డకు ఆపరేషన్. తర్వాత గొంతు ఎట్లుంటుందో చెప్పలేమని దవాఖానలో డాక్టర్ నన్ను పక్కకు పిలిచి అన్నాడు. ఇప్పుడున్న గొంతు దాచుకుందామని నా ఆశ.

పరేషాన్‌లో ఉన్న
అంతయ్య

తా.క.: డాక్టర్ అన్న మాట రాములమ్మకు చెప్పలేదు. మీరూ అనకండి.

దిల్‌సుఖ్‌నగర్

అంతయ్య గారికి,

ఎందుకు రికార్డు చేయాలనుకుంటున్నారని ఒక్క మాట అడగకుండా స్టూడియో అంతా మీ ఇంట్లో దించాను. రేపు పొద్దున్నే స్కూటర్ మీద వస్తున్నాను. ఆ పెద్దది తీసేసి చిన్నది పెడతాను. దానికి ఎర్ర మీట ఒకటే. నొక్కితే వింటుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. విన్నది వినిపించడానికి పక్కనే పచ్చ మీట. అంతే.

మీ
విశ్వేశ్వరరావు

తా.క.: మా ఆవిడ సూర్యప్రభ ఇది చదివి, మనింట్లో కూడా ఒకటి పెట్టమంది. ఎందుకని అడిగాను. "నేను చెప్పేది కనీసం అదైనా చివరిదాకా వింటుందని," అంది.

ఎల్బీ నగర్

విశ్వేశ్వరరావు సార్‌కు,

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డతో భయం లేదన్నారు. మీరు వచ్చి వెళ్లాక, ఆపరేషన్‌కు ముందే, రాములమ్మ తలుపు దగ్గరేసుకుని, ఎర్ర మీట నొక్కి, ఒక్కతే కూర్చుని మాట్లాడింది. నన్ను లోపలికి రానివ్వలేదు.

కుట్లు మానేదాకా మాట్లాడొద్దన్నారు. ఇల్లంతా చప్పుడు లేకపోతే నాకు అన్నం దిగలేదు. ఆమె పడుకుందనుకుని పచ్చ మీట నొక్కాను. "బీపీ గోలి ఏసుకున్నవా? చెప్పులు ఇంట్ల దాక ఏసుకొచ్చినవేంది? గా అంగి ఉతుక్కున్నవా?" అన్నీ తిట్లే. చూస్తే వెనకే నిలబడి ఉంది. మౌస్ నా చేతిలోంచి తీసుకుని మళ్లీ పచ్చ మీటే నొక్కింది.

మొన్న డాక్టర్ మాట్లాడొచ్చన్నాడు. మొదటి మాట ఏమంటుందోనని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. గొంతు కాస్త బొంగురుపోయింది, కానీ ఆమెదే.

"డాక్టర్ నీకు చెప్పింది దవాఖానల నర్సు నాకు ముందుగాల్నే చెప్పింది," అంది. "నా గొంతు పోతే నిన్నెవరు తిడ్తరు? గందుకే అన్ని తిట్లు దాంట్ల పెట్టిన."

లేచి బీపీ గోలి వేసుకున్నాను.

మీ మేలు మరువని
అంతయ్య

తా.క.: గొంతు వచ్చినా ఆమె ఇంకా పచ్చ మీటే నొక్కుతోంది. నోటికి శ్రమ తక్కువట. ఆవాజ్ తగ్గించేది ఎక్కడుందో జర నాకొక్కడికే తెలిసేట్టు రాయండి.