ఛాతీ పట్టీ చూపించిన అంకె

చిన్నోడా,

నిన్న నీ సంవత్సరీకం పెట్టాం. నీ సైకిలు ఇప్పుడు మీ రాంబాబన్నయ్య తొక్కుతున్నాడు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూపించే నీ వాచీ, దాని ఛాతీ పట్టీ కూడా వాడే పెట్టుకుంటున్నాడు.

కాలవ గట్టు మీద నెమ్మదిగా తొక్కినా వాచీ నూట తొంభై చూపించేది. భయపడి దిగిపోయి, సైకిలు నడిపించుకుంటూ వచ్చేసేవాడు. డాక్టరు గారు పరీక్షలు చేసి గుండెకేం లేదన్నారు. పట్టీ తడిపాం, బిగించాం, బ్యాటరీ మార్పించాం. లాభం లేకపోయింది. ఇక అమ్మేద్దామన్నాడు.

ఇవాళ పొద్దున్న దేవుడికి దీపం పెట్టి వస్తూ చూశాను. వాడు చొక్కా వేసుకోకముందు పట్టీ కట్టుకుంటున్నాడు. జంధ్యం దాని కిందే నలుగుతోంది.

"చెవికి చుట్టుకోరా," అన్నాను.

"బాగుందక్కయ్యా! ఎదురొచ్చినవాళ్ళంతా చెంబేదండీ అంటారు."

జంధ్యం పైకి తీసి, పట్టీ ఒంటికి ఆనించి కట్టుకున్నాడు. రావులపాలెం దాకా వెళ్ళొచ్చాడు. ఎక్కడా నూట ముప్పై దాటలేదట. అరటిపళ్ళు కూడా తెచ్చాడు.

ఆఖరి వారం నీకూ ఇలాగే ఎక్కువ చూపించింది. "పట్టీ పాడైందక్కయ్యా" అని నవ్వేసి తొక్కుతూనే ఉన్నావు. కానీ నువ్వు జంధ్యం తీసేసి ఎన్నో ఏళ్ళయింది కదరా. నీకు అది నిజమే చెప్పింది.

రాంబాబుతో ఈ మాట అనలేదు. రేపు పెనుగొండ వెళ్తానని సంబరపడుతున్నాడు. దేవుడి ముందు కూర్చున్నా నోరు రాలేదు. అందుకే నీకు రాస్తున్నాను.

పెద్దక్కయ్య