కొండమేకలు ఈనే వేళ

ఉదయగిరి,
16 నవంబరు 2024.

చిరంజీవి తమ్ముడు కేశవకు అన్న పెంచలనరసయ్య ఆశీస్సులు. నువ్వూ, సుజనా, పిల్లలూ చల్లగా ఉండాలి. ఇక్కడ మేం ఉన్నాం. మీ వదినకు మోకాళ్ల నొప్పులు, నాకు నీరసం. వానలు ఆలస్యమై కొండ కింద మేత లేదు. సగం గొర్రెల్ని కొండాపురం వాళ్లకు అమ్మేశాను. దొడ్డి బోసిగా కనిపిస్తుంటే పొద్దున్నే అటు వెళ్లబుద్ధి కావడం లేదు.

సుజన ఫోన్ చేసింది. 25వ తేదీ సోమవారం అమ్మ సంవత్సరీకానికి నువ్వు రానన్నావట. "కిరస్తానీ పుస్తకం చదివే మనిషి ఇంట్లో నేను అమ్మకు పెట్టేదేంది? ఆయన్నే పెట్టుకోమను" అన్నావట. తల్లికి చేయాల్సింది చిన్న కొడుకు. అమ్మ పోయిన రోజు నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచింది నువ్వు. నువ్వు రాకుండా నేను చేస్తే ఊళ్లో ఎవరూ ఏమీ అనరు గానీ, అది అమ్మకు చెందదని నాకే అనిపిస్తుంది. ఫోన్‌లో నాకు మాట రాదని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

నేను మతం మారలేదు. మొన్న శనివారం కూడా పెంచలకోన గుడికి పోయి వచ్చాను. పక్కింటి రెబెకమ్మ అక్క ఆస్పత్రిలో నర్సుగా ఉన్న రోజుల్లో మన పిల్లలందరి కాన్పులూ ఆమె చేతి మీదే జరిగాయి. ఇప్పుడు షుగర్‌తో ఆమెకు చూపు పోయింది. మధ్యాహ్నం పూట ఆమె పుస్తకం ఆమెకు చదివి వినిపిస్తాను. అంతే.

అందులో ఏముందో తెలియకుండా కోపం తెచ్చుకున్నావు. నాకు తెలిసినంత చెబుతాను. నేను బడిలో ఐదు దాటలేదు, తప్పులుంటే ఉంటాయి.

అది ఒక పుస్తకం కాదు, పుస్తకాల మూట. యూదులనే చిన్న జనం హెబ్రీ భాషలో రాసుకున్నది. ఏఎస్ పేట దర్గాలో ఉర్దూ రాతలు చూశావు కదా, అట్లా కుడి నుంచి ఎడమకు. క్రీస్తు పుట్టక ముందే వందల ఏళ్లపాటు ఎందరెందరో రాశారు. వాళ్లు దాన్ని ధర్మశాస్త్రం, ప్రవక్తలు, తక్కిన రచనలు అని మూడుగా కట్టుకున్నారు. క్రైస్తవులు తర్వాత తమ పుస్తకాలు చేర్చి, దీన్ని పాత నిబంధన అన్నారు.

లోకం పుట్టిన కథ మొదట్లోనే రెండుసార్లు వస్తుంది. ఒకదాంట్లో జంతువుల తర్వాత మనిషి పుడతాడు, ఇంకోదాంట్లో మనిషే ముందు. రోజూ జమాఖర్చు రాసుకునే నాకు అది మింగుడు పడలేదు. అక్కను అడిగితే, "ఇద్దరు అవ్వలు చెప్పిన కతల్ని ఎవురో ఒక మూటలో కట్టినారు నరసయ్యా. ఏ అవ్వను కాదంటావు?" అంది. సంఖ్యాకాండమని ఒకటుంది, చాలా పేజీలు జనాభా లెక్కలే. బాగుందక్కా అంటే పడీపడీ నవ్వింది. "మా పాస్టరు గూడా ఆ పేజీలు దాటేసి పోతాడు. ఇష్టంగా చదివినోడివి నువ్వొక్కడివే" అంది.

వాళ్ల పెద్దలు మన మాదిరి గొర్రెలు కాసుకున్నవాళ్లే. తర్వాత రాజ్యం వచ్చింది, గుడి కట్టుకున్నారు. కొన్నాళ్లకు బబులోను రాజు వచ్చి యెరూషలేమును తగలబెట్టి, గుడి కూల్చి, చాలామందిని దూరదేశానికి పట్టుకుపోయాడు. ఈ రాతల్లో చాలా భాగం ఆ తర్వాతే ఒక రూపానికి వచ్చిందని పండితులు అంటారట. ఊరూ గుడీ పోయాక మోసుకుపోవడానికి వాళ్లకు మాట ఒక్కటే మిగిలింది. అలిసిపోయిన జనం పుస్తకం అది. నాకు చదవబుద్ధి అయ్యేది అందుకేనేమో.

వాళ్ల దేవుడికీ వాళ్లకూ మధ్య ఒక నిబంధన ఉంది. నువ్వు నా జనం, నేను నీ దేవుణ్ణి అని. మన మంద ఒప్పందం తలచుకున్నాకే అది నా తలకెక్కింది. రాత్రిళ్లు రైతు చేలో మంద కడతాం. ఎరువు ఆయనకు, గింజలు మనకు. కాగితం ఉండదు, నోటి మాటే. రైతు గింజలు తగ్గిస్తే నాయన గట్టు మీద నిలబడి, "మాటంటే మాటే పెద్దాయనా, ఏంది ఇది?" అని ఊరంతా వినబడేట్టు అరిచేవాడు. అరిచి, మళ్లీ ఆ చేలోనే మంద కట్టేవాడు. వాళ్ల కీర్తనల్లో ఎన్నో అట్లాంటి అరుపులే. ఎన్నాళ్లు మరిచిపోతావు, ఎందుకు మొహం దాచుకున్నావు అని దేవుణ్ణే నిలదీస్తారు. మాట ఇచ్చినవాణ్ణే కదా అడుగుతాం.

ఇంతకు మించి నాకు రాయడం చేతకాదు. పుస్తకం అక్క ఇంట్లోనే ఉంటుంది, మన గడప దాటి రాదు. సోమవారం పొద్దున ఆత్మకూరులో మొదటి బస్సు ఎక్కు. అమ్మకు ఇష్టమని మీ వదిన అలసంద వడలు చేస్తానంటోంది. నేను బస్టాండులో ఉంటాను.

ఇట్లు
నీ అన్న
పెంచలనరసయ్య

తా.క. కవరు అంటించి, మళ్లీ విప్పాను. ఆ పుస్తకం నా చేత మొదట చదివించుకున్నది రెబెకమ్మ అక్క కాదు, అమ్మ.

నెల్లూరు డాక్టర్లు అమ్మను ఇక ఇంటికి తీసుకెళ్లమన్నాక, నువ్వు జాతకాలు చూసే ఆయన్ను వెంటబెట్టుకొచ్చావు. "ఏ జన్మలో ఏం చేసినావో అమ్మా, అనుభవించాల్సిందేనంట" అని నువ్వు ఏడుస్తూ చెప్పావు. చూడ్డానికొచ్చిన చుట్టాలూ అదే మాట. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు అక్క పలకరించడానికి వస్తే, "మీ పుస్తకంలో నా మాదిరోళ్లకు ఏం రాసుండాది రెబెకా?" అని అడిగింది. అక్కకు అప్పటికే అక్షరాలు కనిపించవు. నా చేత యోబు కథ చదివించింది.

యోబు ఏ తప్పూ చేయలేదు. అయినా బిడ్డలు పోయారు, మందలు పోయాయి, ఒళ్లంతా పుళ్లు. స్నేహితులు వచ్చి నీ పాపమే అంటారు. అతను ఒప్పుకోడు, దేవుడి మీదే అరుస్తాడు. చివరికి దేవుడు, తప్పు మాట్లాడింది ఆ స్నేహితులే అంటాడు. కష్టం ఎందుకు వచ్చిందో మాత్రం చెప్పడు. కొండమేకలు ఎప్పుడు ఈనతాయో నీకు తెలుసా అని ఎదురు అడుగుతాడు. అది విని అమ్మ ఎన్నాళ్లకో నవ్వింది. "నాకు తెలుసులే. దుర్గం బండల మీద ఎన్నిటికి పురుడు పోసినానో ఆయప్పను నన్ను అడగమను" అంది.

నీకు చెప్పొద్దంది, చిన్నోడు నొచ్చుకుంటాడని. నేనూ చెప్పదలుచుకోలేదు. కానీ ఆ కథలో స్నేహితులు నోరు విప్పకముందు ఏడు రోజులు అతని పక్కన నేల మీద ఊరకే కూర్చుంటారు. ఆ ముక్క అమ్మ మళ్లీ మళ్లీ చదివించుకుంది. "మన చిన్నోడు గూడా మొదట వచ్చిన రోజు అట్లనే కూర్చున్నాడు గదరా. నా పాదాలు పట్టుకోని తెల్లారిందాకా ఒక్క మాట ఆడలేదు. ఆ రోజు నాకు నొప్పి తెలీలేదురా" అంది.

సోమవారం వచ్చి నువ్వు నాతో మాట్లాడక్కర్లేదు. ఆమె సమాధి దగ్గర అట్లా కూర్చుంటే చాలు.