సింకు కింది వంకర పైపు

అవ్వా,

నేను సింకు కింద దూరింది నిన్ను తలుచుకుని ఏడవడానికని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. నాకు ఆ వంకర పైపులో ఏముందో చూడాలనిపించింది, అంతే.

రేపు నీ సంవత్సరీకం. చుట్టాలొచ్చే ముందు రోజే నీళ్లు దిగడం మానేశాయి. నువ్వు గిన్నెలు తోమిన బూడిదే పైపులో గడ్డకట్టిందని అమ్మ తేల్చేసింది. నీ బూడిద డబ్బాను పారేయడానికి గుమ్మం దగ్గర పెట్టింది. నువ్వేమో బూడిదను గుడ్డలో జల్లించి కొద్దిగానే వాడేదానివి. ఆ కాస్త బూడిద ఏడాది పాటు దాక్కుని ఇప్పుడెలా అడ్డం పడుతుంది?

"డిగ్రీ చదివి మోరీల చెయ్యి వెడ్తవానే?" అని నాయిన అంటుండగానే కింద బకెట్ పెట్టి పైపు మర తిప్పాను. తెల్లటి ముద్ద జారిపడింది. వేళ్లతో విడదీసి చూశాను. జిగురు జిగురుగా గంజి, దాని చుట్టూ మైనంలా పేరుకున్న నూనె. బూడిద అసలే లేదనను. అడుగున చిటికెడు ఉంది.

శామీర్‌పేటలో ఉన్నప్పుడు గంజిని బర్రె కుడితిలో పోసేవాళ్లం కదా. ఈ మేడ్చల్ కాలనీకి మనతో బర్రె రాలేదు. ఇక్కడ అమ్మ రోజూ సింకులోనే గంజి వంచుతోంది.

ముద్దను అమ్మకు చూపించాను.

"అయితే ఇగ గంజి యాడ వొయ్యాలె, నీ నెత్తి మీదనా?" అంది.

పైపు బిగించి వేడినీళ్లు పోస్తే గుడగుడమని దిగాయి. ఆ చప్పుడు కోసం ఇంకో చెంబు పోశాను.

తర్వాత గుమ్మం దగ్గరి డబ్బాను తెచ్చి సింకు పక్కన, దాని చోట పెట్టాను. అది అక్కడే ఉంటుంది.